వైనరీ చేతులు మారాక సీసా మీది లేబుల్ ఏమవుతుంది?

ద్రాక్షపందిరి (ప్రశ్న):

నా దగ్గర ఒకే పేరుతో రెండు కాలిఫోర్నియా రెడ్ వైన్ సీసాలు ఉన్నాయి. మొదటిది ఆ వైనరీ దాన్ని స్థాపించిన కుటుంబం చేతుల్లో ఉన్నప్పటి పంట. రెండోది ఒక పెద్ద కంపెనీ దాన్ని కొనుక్కున్న ఆరేళ్ల తరవాతి పంట. రెండింటినీ పక్కపక్కన నిలబెట్టి ముందు వైపు చూస్తే తేడా పట్టుకోవడం కష్టం. అదే రాతిగోడ బొమ్మ, అవే వాలు అక్షరాలు, అంచున అదే సన్నటి బంగారు గీత. వెనక్కి తిప్పాకే సంగతి తెలిసింది. పాత సీసా మీద ‘ప్రొడ్యూస్డ్ అండ్ బాటిల్డ్ బై’ అని ఉన్నచోట కొత్తదాని మీద ‘సెల్లార్డ్ అండ్ బాటిల్డ్ బై’ అని ఉంది. దాని పక్కనున్న ఊరి పేరు వేరు. ఇదివరకు ఒక చిన్న లోయ పేరు ఉన్న స్థానంలో ఇప్పుడు ‘కాలిఫోర్నియా’ అన్న ఒక్క మాటే ఉంది.

పదేళ్లకు పైగా ఇష్టంగా తాగిన వైన్ కాబట్టి ఈ మార్పు నాకు బాధ కలిగించిన మాట నిజమే. అయినా ఇది ఫిర్యాదు కాదు, అర్థం చేసుకోవాలన్న ప్రయత్నం. వైనరీని కొన్నవారి చేతికి నిజంగా వచ్చేది ఏమిటి? తోట, భవనం, పీపాల్లోని వైన్, పేరు అన్నీ కలిసే వస్తాయా, విడివిడిగా వస్తాయా? ఆ పేరు కింద ఎక్కడి ద్రాక్షతో చేసిన వైన్‌నైనా అమ్ముకునే హక్కు కొత్త యజమానికి ఉంటుందా? కొన్ని పేర్లు తరాల తరబడి నిలిచి, మరికొన్ని కొద్ది ఏళ్లకే కనుమరుగు కావడానికి కారణం ఏమిటి?

ముద్ర:

ద్రాక్షపందిరి గారూ, మీరు చెప్పినవన్నీ వేరువేరు ఆస్తులు. లేబుల్ మీది పేరు ట్రేడ్‌మార్క్, తోట స్థిరాస్తి, పీపాల్లోనూ సీసాల్లోనూ ఉన్నది సరుకు. బొమ్మ మీద ఉండేది కాపీరైట్, దాన్ని రాతపూర్వకంగా బదిలీ చేయకపోతే అది చిత్రకారుడి దగ్గరే ఉండిపోవచ్చు. ఇవన్నీ ఒకే ఒప్పందంలో ఒకరికే అమ్మవచ్చు, నాలుగు ముక్కలు చేసి నలుగురికీ అమ్మవచ్చు. 2015లో కాన్‌స్టలేషన్ బ్రాండ్స్ కంపెనీ మెయోమి అనే పినో న్వార్ (ఒక నల్ల ద్రాక్ష రకం) బ్రాండ్‌ను 31.5 కోట్ల డాలర్లకు కొన్నప్పుడు ఆ ధరలో వైనరీ లేదు, ద్రాక్షతోట కూడా లేదు. పేరు, అప్పటికి ఉన్న సరుకు, కొన్ని ద్రాక్ష సరఫరా ఒప్పందాలు, అంతే.

పేరూ నేలా విడిపోతే ఏమవుతుందో తెలుసుకోవాలంటే ఇంగిల్‌నుక్ కథ చూడాలి. గుస్తావ్ నీబామ్ అనే ఫిన్లాండ్ నావికుడు కాలిఫోర్నియాలోని నాపా లోయలో రూథర్‌ఫర్డ్ దగ్గర 1879లో దాన్ని స్థాపించాడు. ఆయన వారసుడు జాన్ డేనియల్ జూనియర్ చేతుల్లో అది ఎంత ఎత్తుకు ఎదిగిందంటే, అక్కడి 1941 కాబర్నే అనే రెడ్ వైన్ గురించి వైన్ ప్రియులు ఇప్పటికీ గౌరవంగా మాట్లాడుకుంటారు. 1964లో ఆయన దాన్ని యునైటెడ్ వింట్నర్స్ అనే కంపెనీకి అమ్మారు. 1969లో అది హ్యూబ్లయిన్ అనే మద్యం కంపెనీ చేతికి వెళ్లింది. అక్కడి నుంచి ఇంగిల్‌నుక్ అన్న పేరు నాపా తోటలను వదిలేసి, వేడి ప్రాంతమైన సెంట్రల్ వ్యాలీ ద్రాక్షతో చేసి పెద్ద పెద్ద జగ్గుల్లో అమ్మే చవక వైన్ మీదికి చేరింది. ఈలోగా సినీ దర్శకుడు ఫ్రాన్సిస్ ఫోర్డ్ కొప్పోలా 1975లో ఆ ఎస్టేట్‌లో ఒక భాగాన్ని, 1995లో పాత రాతి భవనంతో సహా మిగిలిన ముఖ్య భాగాన్ని కొన్నారు. నేల ఆయనది, భవనం ఆయనది, కానీ ఆ నేల మీద పండిన వైన్‌కు ఆ నేల పేరు పెట్టుకునే హక్కు ఆయనకు లేదు. అందుకే నీబామ్-కొప్పోలా అని, తరవాత రూబికాన్ ఎస్టేట్ అని పిలుచుకోవలసి వచ్చింది. 2011లో ఆ ట్రేడ్‌మార్క్‌ను వైన్ గ్రూప్ అనే కంపెనీ నుంచి విడిగా కొన్న తరవాతే పేరు ఇంటికి చేరింది. ‘పేరు గొప్ప, ఊరు దిబ్బ’ అని మనం అంటామే, ఇక్కడ ఊరు బంగారంలా ఉంది, పేరే దిబ్బపాలైంది.

ఒకే పేరు రెండు కంపెనీల సీసాల మీద కనిపించడమూ ఉంది. రాబర్ట్ మొండావి 1966లో స్థాపించిన వైనరీని 2004లో కాన్‌స్టలేషన్ కొన్నది. 2025లో ఆ కంపెనీ తన చవక వైన్లను వదిలించుకుంటూ వుడ్‌బ్రిడ్జ్, రాబర్ట్ మొండావి ప్రైవేట్ సెలెక్షన్ బ్రాండ్లను వైన్ గ్రూప్‌కు అమ్మి, ఓక్‌విల్‌లోని రాబర్ట్ మొండావి వైనరీని మాత్రం అట్టిపెట్టుకుంది. ఇప్పుడు ఆ మనిషి పేరున్న రెండు సీసాలు పక్కపక్కన కనిపిస్తే వాటి యజమాని ఒక్కరే అనుకోవడం పొరపాటు.

కొన్న పేరును ఎందుకు పూర్తిగా మూసేయరన్న సందేహం రావచ్చు. వాడని ట్రేడ్‌మార్క్ నిలవదు. అమెరికాలో వరసగా మూడేళ్లు వాడకపోతే వదిలేసినట్టు భావిస్తారు, ఐరోపా సమాఖ్యలో ఐదేళ్లు వాడకపోతే రద్దు కోరవచ్చు. అందువల్ల పెద్దగా అమ్ముడుపోని పేరును కూడా యజమాని ఏదో ఒక మేరకు మార్కెట్‌లో ఉంచుతాడు.

చిన్నక్షరాలు:

ముద్ర గారు చెప్పినది పేరు గురించి. నేను వెనక లేబుల్ గురించి చెబుతాను, ఎందుకంటే ద్రాక్షపందిరి గారు గమనించిన రెండు పదాల్లోనే సగం జవాబు ఉంది. అమెరికా నిబంధనల ప్రకారం ‘ప్రొడ్యూస్డ్’ అన్న మాట వాడాలంటే ఆ వైన్‌లో కనీసం 75 శాతాన్ని లేబుల్ మీద ఉన్నవారే ఆ చిరునామాలో పులియబెట్టి ఉండాలి. ‘సెల్లార్డ్’ లేదా ‘వింటెడ్’ అనడానికి ఆ షరతు లేదు. ఎక్కడో చేసిన వైన్‌ను ట్యాంకర్లలో తెప్పించి, తమ సెల్లార్‌లో (వైన్ నిల్వ చేసే గదిలో) కొంత కాలం ఉంచి నింపినా ఆ మాట వాడవచ్చు. ఇందులో మోసం లేదు. చెప్పవలసినది చెప్పారు, కాకపోతే మనం చదవని చోట చెప్పారు. ‘ఎస్టేట్ బాటిల్డ్’ అన్నది ఇంకా గట్టి మాట. ద్రాక్ష మొత్తం వైనరీ సొంత తోటల్లోనో దాని అదుపులో ఉన్న తోటల్లోనో పండాలి, తోటా వైనరీ ఒకే గుర్తింపు పొందిన ప్రాంతంలో ఉండాలి, పిండడం నుంచి నింపడం దాకా అన్నీ ఆ వైనరీలోనే జరగాలి. అందుకే తోట లేకుండా పేరు మాత్రమే అమ్ముడైనప్పుడు లేబుల్ మీద నుంచి అన్నిటికన్నా ముందు జారిపోయే మాట ఇదే.

ప్రాంతం పేరు కూడా అలాంటిదే. ‘నాపా వ్యాలీ’ అని రాయాలంటే 85 శాతం ద్రాక్ష అక్కడిదై ఉండాలి. మీ సీసా మీద లోయ పేరు పోయి ‘కాలిఫోర్నియా’ మిగిలిందంటే ద్రాక్ష రాష్ట్రంలో ఏ మూల నుంచి వచ్చినా అభ్యంతరం లేదన్నమాట.

అయితే పేరులోనే ప్రాంతం ఉంటే? దీని మీద పెద్ద వ్యాజ్యమే నడిచింది. 1986 జులై 7కు ముందు నుంచి వాడుకలో ఉన్న బ్రాండ్ పేర్లకు కేంద్ర నిబంధనల్లో మినహాయింపు ఉండేది. బ్రాంకో వైన్ కంపెనీ నాపా రిడ్జ్, నాపా క్రీక్, రూథర్‌ఫర్డ్ వింట్నర్స్ అనే పాత పేర్లను కొని, ఆ మినహాయింపు ఆసరాతో నాపా బయటి ద్రాక్షకు ఆ పేర్లు తొడిగింది. నాపా రైతులు ఊరుకోలేదు. పేరులో నాపా ఉంటే 75 శాతం ద్రాక్ష నాపాదే కావాలని కాలిఫోర్నియా 2000లో చట్టం చేసింది, 2004లో రాష్ట్ర సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. నా దృష్టిలో ఇది న్యాయమైన తీర్పు. పేరు కొన్నవారికి పేరు వస్తుంది గానీ, ఒక లోయలోని రైతులందరూ కలిసి సంపాదించిన నమ్మకం రాకూడదు.

చార్ల్స్ షా పేరు కూడా బ్రాంకో కొన్నదే. ఆ పేరుగల మనిషి 1970లలో నాపాలో ఫ్రాన్స్‌లోని బోజొలే తరహా తేలికపాటి రెడ్ వైన్ చేయాలని వైనరీ పెట్టాడు, అది నిలవలేదు. 2002 నుంచి అదే పేరు, అదే పద్ధతి లేబుల్‌తో ట్రేడర్ జోస్ దుకాణాల్లో సీసా 1.99 డాలర్లకు అమ్మిన వైన్‌తో ఆయనకు ఏ సంబంధమూ లేదు.

ఇంకొక్క మాట, ఎప్పటి నుంచి మారిందో తెలుసుకోవడం గురించి. అమ్మకం జరిగిన రోజున వైన్ మారదు. అప్పటికే పీపాల్లో నానుతున్న రెడ్ వైన్ పాత చేతులు చేసినదే. అది సీసాల్లోకి ఎక్కి బయటికి రావడానికి రెండు మూడేళ్లు పడుతుంది. కాబట్టి కొత్త యజమాని వచ్చాక విడుదలైన మొదటి ఒకటి రెండు పంటలు పాతవారి పనే అయ్యే అవకాశం ఎక్కువ. అమెరికాలో ఆమోదం పొందిన లేబుళ్లన్నీ టీటీబీ అనే ప్రభుత్వ సంస్థ రిజిస్ట్రీలో బొమ్మలతో సహా అందరికీ కనిపిస్తాయి. బ్రాండ్ పేరుతో వెతికి, తేదీల వరసలో పెట్టి చూడండి.

గరోన్ ఒడ్డు:

ఇప్పటిదాకా పేరు బతికి తోట దూరమైన సంగతులే వచ్చాయి. ఫ్రాన్స్ వైన్ ప్రాంతమైన బోర్డోలో దీనికి తలకిందులుగా జరుగుతుంది: తోట బతుకుతుంది, పేరు చచ్చిపోతుంది. ఫ్రాన్స్‌లో శాటో (వైన్ ఎస్టేట్) పేరు ఆ తోటకు ముడిపడి ఉంటుంది కాబట్టి దాన్ని వేరే చోటి ద్రాక్షకు తగిలించడం కుదరదు. కానీ పక్క తోటను కొన్నవాడు దాన్ని తన తోటలో కలిపేసుకుంటే ఆ లేబుల్‌తో ఇక పని ఉండదు.

శాటో ఓ-బ్రియోన్ యజమానులైన డిల్లన్ కుటుంబం 1983లో లా మిస్యోన్ ఓ-బ్రియోన్‌ను, దానితోపాటు లా టూర్ ఓ-బ్రియోన్‌ను కొన్నది. లా టూర్ ఓ-బ్రియోన్ మేలైన తోటల అధికారిక వర్గీకరణలో స్థానం ఉన్న తోట, ఎవరూ దాన్ని తక్కువ చేసి మాట్లాడలేదు. అయినా 2005 పంటతో ఆ లేబుల్ ఆగిపోయింది. ఆ తీగల పండు ఇప్పుడు లా మిస్యోన్ వైన్లలోకి వెళ్తోంది. బోర్డోలోనే ఉన్న సాంతెమిల్యోన్‌లో అదే కుటుంబం 2011లో తెర్త్ర్ దొగే తోటను కొని దానికి కాంట్యూస్ అనే కొత్త పేరు పెట్టింది, 2013లో కొన్న లారోజే తోటను కూడా అందులో కలిపేసింది. మగ్దలెన్ తోట కూడా 2011 పంటతో పేరు కోల్పోయి, పక్కనున్న బెలేర్-మొనాంజ్‌లో కలిసిపోయింది.

ఇందులో లెక్క ఉంది. బోర్డోలోని మెదోక్ ప్రాంతంలో 1855 నాటి వర్గీకరణ శాటో పేరుకు దక్కింది గానీ ఫలానా మడులకు దక్కలేదు. కాబట్టి అదే అపెలాసియోన్‌లో (చట్టం గుర్తించిన వైన్ ప్రాంతంలో) పక్కవాడి మడిని కొని కలుపుకుంటే ఆ మడి పండు కూడా పెద్ద పేరుతో, పెద్ద ధరకు అమ్ముడుపోతుంది. సాంతెమిల్యోన్‌లో వర్గీకరణ మడులకు చెందుతుంది, కలుపుకోవాలంటే అనుమతి కావాలి. రెండు చోట్లా చిన్న లేబుల్‌ను విడిగా నడపడం కన్నా పెద్ద లేబుల్‌లో కలపడమే లాభం. నేల దృష్టితో చూస్తే నష్టం లేదు. కానీ లారోజే రుచి తెలిసినవారికి ఆ నేల గొంతు ఇప్పుడు విడిగా వినిపించదు, నాకు అది పెద్ద లోటుగానే ఉంది.

ద్రాక్షపందిరి:

అందరికీ కృతజ్ఞతలు. ఒక ఉపప్రశ్న. నా సీసా మీది పేరు ఆ కుటుంబం ఇంటిపేరు. వారు మళ్లీ వైన్ చేస్తే సొంత పేరు పెట్టుకోవచ్చా?

ముద్ర:

అమ్మకపు ఒప్పందంలో పేరు కూడా ఉంటే, సాధారణంగా పెట్టుకోలేరు. న్యూయార్క్ రాష్ట్రంలో టేలర్ కుటుంబం 1880లో మొదలుపెట్టిన వైన్ కంపెనీని 1977లో కోకాకోలా కొన్నది. స్థాపకుడి మనవడు వాల్టర్ టేలర్ అప్పటికే విడిగా బుల్లీ హిల్ అనే వైనరీ నడుపుతున్నాడు. ఆయన తన లేబుళ్ల మీద టేలర్ అన్న పేరును బ్రాండ్‌గా వాడకూడదని కోర్టు ఆదేశించింది. అప్పుడు ఆయన అచ్చయిన లేబుళ్ల మీద తన పేరు ఉన్నచోటల్లా నల్ల సిరాతో కొట్టేసి సీసాలు అమ్మాడు. కొన్నవారికి ఆ నల్ల పట్టీయే పేరుకన్నా బాగా గుర్తుండిపోయింది. ఆ తరవాత టేలర్ పేరు కోకాకోలా దగ్గరా నిలవలేదు. 1983లో సీగ్రమ్ అనే మద్యం కంపెనీకి, అక్కడి నుంచి ఇంకొకరికి మారుతూ పోయింది.

బ్రాండ్ పేరు సొంత ఇంటిపేరు కాకపోయినా, అమ్మినవారికి కట్టుబాట్లు ఉంటాయి. గోయా గీసిన ఖైదీ బొమ్మతో ‘ది ప్రిజనర్’ అనే వైన్‌ను రూపొందించిన డేవ్ ఫిన్నీ 2010లో ఆ బ్రాండ్‌ను అమ్మినప్పుడు, ఎనిమిదేళ్ల పాటు జిన్‌ఫాండెల్ అనే ద్రాక్ష రకం ప్రధానంగా ఉండే అలాంటి మిశ్రమం చేయనని ఒప్పుకున్నారు. గడువు తీరాక చేసిన వైన్‌కు ‘ఎయిట్ ఇయర్స్ ఇన్ ది డెజర్ట్’ అని పేరు పెట్టారు. మీ సీసా మీది ఆ కుటుంబం పేరు కోసం వెతక్కండి. ఆ వైన్ చేసిన మనిషి ఇప్పుడు ఎక్కడ పనిచేస్తున్నారో, ఆ తోట పండు ఇప్పుడు ఎవరు కొంటున్నారో వెతకండి.

ద్రాక్షపందిరి:

చిన్నక్షరాలు గారు చెప్పినట్టు రిజిస్ట్రీలో వెతికాను. అమ్మకం జరిగిన ఏడాదికీ, ఆ తరవాతి ఏడాదికీ ఆమోదం పొందిన లేబుళ్ల మీద ‘ప్రొడ్యూస్డ్’ అనే ఉంది, లోయ పేరూ ఉంది. మూడో ఏడాది లేబుల్ మీద లోయ పేరు పోయింది, నాలుగో ఏడాది ‘సెల్లార్డ్’ వచ్చింది. బొమ్మ మాత్రం అన్నిటి మీదా ఒక్కటే. అంటే ఆ మొదటి రెండు లేబుళ్ల కింద ఉన్నది పాత పీపాల వైన్ అయ్యే అవకాశం ఉంది. అవి ఎక్కడైనా మిగిలి ఉన్నాయేమో ఈ వారమంతా వెతుకుతాను. దొరికితే వెనక లేబుల్ ఫొటోలు ఇక్కడ పెడతాను.