గిటార్ కిట్: నెక్ బిగించాక సన్న E స్ట్రింగ్ నెక్ అంచు మీదికి వస్తోంది

విడిభాగాలు మనమే బిగించుకునే ఎలక్ట్రిక్ గిటార్ కిట్, స్ట్రాట్ (ఫెండర్ స్ట్రాటోకాస్టర్) మోడల్. బాస్‌వుడ్ బాడీ, మేపుల్ నెక్ (వేళ్లతో స్ట్రింగ్స్ నొక్కే పొడవాటి భాగం), నాలుగు స్క్రూలతో బిగించే రకం. స్క్రూ రంధ్రాలు కిట్‌తోనే వేసి వచ్చాయి. స్కేల్, అంటే నట్ (నెక్ పై చివర స్ట్రింగ్స్ ఆనే పట్టీ) నుంచి బ్రిడ్జ్ (బాడీ మీద స్ట్రింగ్స్ ఆనే భాగం) దాకా పొడవు, 648 మి.మీ. నట్ నుంచి 12వ ఫ్రెట్‌కి (నెక్ మీద అడ్డంగా ఉండే లోహపు కడ్డీ) సరిగ్గా సగం, 324 ఉంది, కాబట్టి పొడవులో తేడా లేదు.

సమస్యంతా పక్కవాటులోనే. 22వ ఫ్రెట్ దగ్గర లావు E స్ట్రింగ్ అంచు నుంచి 5 మి.మీ. లోపల ఉంటే, సన్న E 2 మి.మీ. మాత్రమే ఉంది. 15వ ఫ్రెట్ దాటాక పుల్-ఆఫ్ చేస్తే (నొక్కిన వేలితోనే స్ట్రింగ్‌ని పక్కకి మీటి వదిలితే) స్ట్రింగ్ ఫ్రెట్ చివర నుంచి జారి కిందికి పోతోంది. నెక్ పాకెట్‌లో (బాడీలో నెక్ కూర్చునే గాడి) ఒక పక్కన విజిటింగ్ కార్డు దూరేంత సందు ఉంది.

స్ట్రింగ్స్ వదులు చేసి, స్క్రూలు అర చుట్టు వదులు తిప్పి, హెడ్‌స్టాక్‌ని (ట్యూనింగ్ కీలుండే నెక్ పై చివర) లావు స్ట్రింగ్ వైపు లాగి బిగించాను. కొంచెం మెరుగైంది కానీ ట్యూన్ చేయగానే మళ్లీ మొదటికే వచ్చింది. సందులో కార్డు ముక్క పెట్టినా అంతే. బాడీలో రంధ్రాలు వదులుగానే ఉన్నాయి, స్క్రూ చేత్తోనే దూరుతుంది. అంటే నెక్‌లోని రంధ్రాలే దాన్ని పాత చోటికి లాగుతున్నట్టున్నాయి.

మా కార్పెంటరు రంధ్రాల్లో ఫెవికాల్‌తో అగ్గిపుల్లలు కూరితే చాలంటాడు. స్ట్రింగ్స్ లాగే బరువుకి అవి ఆగుతాయని నాకు నమ్మకం లేదు.

నెక్ రంధ్రాలను గట్టి చెక్కతో పూడ్చి కొత్తగా డ్రిల్ చేయడం మంచిదా, లేక ఆరు స్క్రూల ట్రెమొలో (కడ్డీతో కదిపి స్వరాన్ని ఊపే రకం) బ్రిడ్జ్‌నే లావు స్ట్రింగ్ వైపు 2 మి.మీ. జరపడం మంచిదా?