కుల్దీప్ నయ్యర్ రాసింది చరిత్రేనా?

గోదారి గట్టు:
ఎమర్జెన్సీ గురించి చదువుతూ జర్నలిస్టు కుల్దీప్ నయ్యర్ దగ్గర ఆగిపోయాను. 1923లో సియాల్‌కోట్‌లో పుట్టి, విభజనప్పుడు ఇటు వచ్చి, ఢిల్లీలో ఉర్దూ పత్రికలో చేరాడు. లాల్ బహదూర్ శాస్త్రి దగ్గర సమాచార అధికారిగా పనిచేశాడు. ఆ తర్వాత యూఎన్ఐ వార్తా సంస్థ, స్టేట్స్‌మన్, ఇండియన్ ఎక్స్‌ప్రెస్ పత్రికలు. 1975లో జైలు, 1990లో లండన్‌లో మన హైకమిషనర్ పదవి, 1997లో రాజ్యసభ. నాయకులకు ఇంత దగ్గరగా మెలిగిన జర్నలిస్టు పుస్తకాలను చరిత్రగా తీసుకోవచ్చా?

ఓరుగల్లు బిడ్డ:
తీసుకోకూడదు. 2012లో వచ్చిన ఆయన ఆత్మకథ 'బియాండ్ ద లైన్స్' చూడండి. 1992 డిసెంబర్ 6న బాబ్రీ మసీదు కూలుతున్నంతసేపూ పీవీ గారు పూజలో ఉన్నారట, చివరి రాయి పడ్డాకే లేచారట. పూజ మధ్యలో సహాయకుడు చెవిలో విషయం చెప్పాడని సోషలిస్టు నాయకుడు మధు లిమాయే తనతో అన్నారట. లిమాయే 1995లో, పీవీ 2004లో పోయారు. ఇక అడగడానికి ఎవరున్నారు? పీవీ కుమారుడు రంగారావు గారు అప్పుడే ఖండించారు. ఖండన ఎంతమందికి గుర్తుంది? పూజ కథ మాత్రం ఈరోజుకీ వాట్సాప్‌లో తిరుగుతోంది.

బెజవాడ బాబు:
ఆ కథ నేనూ నిజమనుకున్నాను.

డెస్క్ మనిషి:
ఒక పేరా పట్టుకుని మనిషి జీవితమంతా కొట్టిపారేస్తారా? 1977 జనవరిలో, పత్రికల మీద సెన్సార్ ఉన్న రోజుల్లో, ఎన్నికలు రాబోతున్నాయని ముందుగా రాసింది ఆయనే. ఆయన నిర్బంధం మీద భార్య ఢిల్లీ హైకోర్టుకు వెళ్లారు. సర్కారుకు వ్యతిరేకంగా తీర్పిచ్చిన జస్టిస్ రంగరాజన్‌ను గౌహతికి బదిలీ చేశారు. 1987లో పాకిస్తాన్ అణు శాస్త్రవేత్త ఏ.క్యూ. ఖాన్ ఇంట్లో కూర్చుని, పాకిస్తాన్ దగ్గర బాంబు ఉందన్న మాట ఆయన నోటితోనే చెప్పించి లండన్ అబ్జర్వర్ పత్రికలో వేయించాడు. ఇవన్నీ లైబ్రరీలో కూర్చుంటే దొరుకుతాయా? మనుషుల దగ్గరికి వెళ్లాలి, వాళ్లు నమ్మి చెప్పాలి.

లా స్టూడెంట్:
ఖాన్ తర్వాత అలా అనలేదన్నాడు కదా?

డెస్క్ మనిషి:
అన్నాడు. లోకం ఎవర్ని నమ్మిందో తెలుసుగా.

ఓరుగల్లు బిడ్డ:
నేను చెప్పేదీ అదే. అప్పటికి ఖాన్ బతికే ఉన్నాడు, కాదన్నాడు, చదివినవాళ్లు తేల్చుకున్నారు. పీవీకి ఆ అవకాశం ఏది? ఇక 1964 సంగతి. మే 27న నెహ్రూ పోయారు. వెంటనే యూఎన్ఐలో నయ్యర్ వార్త: ప్రధాని పదవికి మొదట బరిలోకి దిగింది మొరార్జీ దేశాయ్ అని, శాస్త్రికి ఇష్టం లేదని. చితి ఆరకముందే పదవి కోసం పాకులాడాడన్న పేరు మొరార్జీకి వచ్చింది. అప్పటి కాంగ్రెస్ అధ్యక్షుడు కామరాజ్ తన చెవిలో థ్యాంక్స్ చెప్పారని నయ్యరే రాసుకున్నాడు. నిన్నటిదాకా శాస్త్రి దగ్గర పనిచేసిన మనిషి రాసిన వార్త అది!

డెస్క్ మనిషి:
వార్త తప్పా? మొరార్జీ పోటీలో లేడా? నిజం రాస్తే ఒకరికి లాభం వస్తుంది, అది రాసినవాడి నేరం కాదు. పైగా కామరాజ్ థ్యాంక్స్ చెప్పిన సంగతి ఆయన దాచుకోలేదు. దాచి ఉంటే మీకు తెలిసేదే కాదు. అసలు మీ బాధ పీవీ గురించి. మన జిల్లా మనిషి కాబట్టి ఎవరూ ఏమీ అనకూడదు, అంతేగా.

ఓరుగల్లు బిడ్డ:
జిల్లా ఊసెందుకు? మా నాన్న సర్పంచ్‌గా చేశాడు. చెరువు పూడికతీత డబ్బులు తిన్నాడని 'ఊళ్లో చెప్పుకుంటున్నారు' అంటూ ఒక పత్రిక జిల్లా పేజీలో వేసింది. ఎవరు చెప్పుకుంటున్నారు? పేరు లేదు. మా నాన్న రాసిచ్చిన వివరణ వాళ్లు వేయలేదు. ఆయన పోయాక కూడా పెళ్లిళ్లలో ఆ మాట ఎత్తేవాళ్లున్నారు. మీలాంటి డెస్క్ మనుషులే ఆ వార్త దిద్ది పేజీలో పెట్టింది!

బెజవాడ బాబు:
అన్నా, కొంచెం నెమ్మది. ఆయన పెట్టలేదు కదా.

డెస్క్ మనిషి:
మీ నాన్నగారికి జరిగింది అన్యాయమే. వివరణ వేయాల్సిందే, నా డెస్క్‌లో అయితే వేసేవాణ్ణి. కానీ నా బాధ కూడా వినండి. ఎన్నికల టికెట్లు ఎలా అమ్ముడయ్యాయో, ఏ ఫైలు ఎవరు ఆపారో మంత్రుల పీఏలు నాకు చెప్పేవాళ్లు. కాగితం ఏదని ఎడిటర్ అడిగేవాడు. కాగితం ఉండదు. అలాంటి పనులకు కాగితం ఉండకుండా చూసుకోవడమే వాళ్ల తెలివి. ఆ పీఏల్లో చాలామంది పోయారు, వాళ్లకు తెలిసిందంతా వాళ్లతోనే పోయింది. ఇవాళ ఆ మంత్రుల విగ్రహాలకు దండలు వేస్తున్నారు. కాగితం ఉన్నదే చరిత్ర అంటే పెద్దవాళ్లంతా శుభ్రంగా మిగిలిపోతారు. నయ్యర్ నాలాగా ఊరుకోలేదు, రాశాడు.

గోదారి గట్టు:
అంటే మీ గొడవ నయ్యర్ గురించి కాదు. కాగితం లేని మాట రాయాలా వద్దా అని.

ఓరుగల్లు బిడ్డ:
రాయొద్దనలేదు. మసీదు కూలింది 1992లో. నయ్యర్ ప్రతి వారం కాలమ్ రాసే మనిషి, అది ఎన్నో భాషల పత్రికల్లో వచ్చేది. పీవీ ఇంకా 12 ఏళ్లు బతికారు. మసీదు కూల్చివేత మీద వేసిన లిబర్‌హాన్ కమిషన్ 2009 దాకా సాగింది. ఆ మాట అప్పుడే బయటపెడితే పీవీని అడిగేవాళ్లు, లిమాయేని అడిగేవాళ్లు.

డెస్క్ మనిషి:
అప్పుడే రాస్తే మళ్లీ ఎవరు నోరు విప్పుతారు? నాతో మాట్లాడిన వాళ్ల షరతు అదే: మేం పోయాక రాసుకో.

ఓరుగల్లు బిడ్డ:
తన గురించి చెప్పుకునేవాడు ఆ షరతు పెట్టుకోవచ్చు. పీవీ గురించి చెప్పేటప్పుడు పీవీ పోయేదాకా ఆగమనే హక్కు లిమాయేకి గానీ నయ్యర్‌కి గానీ ఎక్కడిది? ముందు దీనికి జవాబివ్వండి.