అప్‌డేట్: క్యాన్యులా వేసేటప్పుడు చేతులు వణుకుతున్నాయని అడిగాను కదా

పోయిన నెల అడిగింది నేనే, బీఎస్సీ నర్సింగ్ సెకండియర్, ల్యాబ్‌లో బొమ్మ చేతి మీద క్యాన్యులా (సెలైన్, మందులు ఎక్కించడానికి సూదితో నరంలో పెట్టే సన్నటి ప్లాస్టిక్ గొట్టం) బాగానే వేస్తున్నా కానీ వార్డులో పేషెంట్ దగ్గర ఒక్కసారి కూడా పడట్లేదని. నిన్న పడింది అక్కా! ఒక తాతగారికి, 22 నంబర్ సైజు బ్లూ కలర్ క్యాన్యులా, ఫస్ట్ ట్రై లోనే.

మీరు చెప్పాకే నా తప్పు అర్థమైంది. సూది వెనకాల ఉండే చిన్న ఛాంబర్‌లో రక్తం కనపడగానే వెంటనే సూది వెనక్కి లాగేసేదాన్ని, అప్పటికి సూది మొన ఒక్కటే నరంలోకి వెళ్తుంది, ప్లాస్టిక్ గొట్టం ఇంకా బయటే ఉంటుంది. ఇప్పుడు రక్తం కనపడ్డాక యాంగిల్ తగ్గించి, ఇంకో రెండు మిల్లీమీటర్లు పోనిచ్చి, అప్పుడు గొట్టాన్ని సూది మీదుగా లోపలికి జరిపాను. చర్మాన్ని బొటనవేలితో కిందికి లాగి పట్టుకోమన్నారు కదా, అదైతే చాలా హెల్ప్ అయింది, పెద్దవాళ్ళ నరాలు పక్కకి జారిపోతాయి. టోర్నికే (నరం ఉబ్బడానికి చేతికి బిగించే పట్టీ) విప్పాకే సూది పూర్తిగా తీశాను, బెడ్‌షీట్ మీద ఒక్క చుక్క కూడా పడలేదు.

వణుకు ఇంకా ఉంది, కానీ మోచెయ్యి బెడ్‌కి ఆనిస్తే తగ్గుతోంది. రెండుసార్లు మిస్సైతే మూడోసారి పొడవకుండా సిస్టర్‌ని పిలువు అన్న అక్కకి స్పెషల్ థాంక్స్, ఆ మాట వల్లే సగం భయం పోయింది. తాతగారు "నొప్పే తెలీలేదమ్మా" అన్నారు, హాస్టల్‌కి వచ్చాక ఏడ్చేశాను.