చిన్న తప్పుకు శిక్ష వేసే ముందు కారణం అడగాలా?

బాటసారి (ప్రశ్న):

మేము పనిచేసే చోట క్రమశిక్షణ విషయాలను విచారించే ముగ్గురిలో నేను ఒకరిని. బిడ్డను హడావుడిగా ఆసుపత్రికి తీసుకువెళ్లిన సహోద్యోగి పేరు ఎదుట, ఒక ఉద్యోగి హాజరు పట్టీలో తానే సంతకం చేశాడు. అడిగిన వెంటనే ఒప్పుకున్నాడు. ఒకరి సంతకం మరొకరు చేస్తే, కారణంతో నిమిత్తం లేకుండా, వారం రోజుల జీతం కోయాలని మా నియమావళి చెబుతోంది. కారణాలు వినడం మొదలుపెడితే ఇక దానికి అంతు ఉండదని తోటి సభ్యులొకరు అంటున్నారు. అయితే, రోజూ వేళకు వచ్చి తన సంతకం తానే చేసి, ఆ తరువాత గంటల తరబడి పని ఎగవేసే మనిషి జోలికి వెళ్లని నియమం ఇతని మీద మాత్రం విరుచుకుపడడం నాకు మింగుడుపడడం లేదు. ఇటువంటి చోట నియమాన్ని అక్షరాలా అమలు చేయడమే న్యాయమా?

అక్షరమాల:

పిల్లల ఆలోచనా తీరును అధ్యయనం చేసిన స్విస్ మనస్తత్వవేత్త జీన్ పియాజే 1932లో వెలువరించిన గ్రంథంలో పిల్లలకు చెప్పిన రెండు కథలు ఉన్నాయి. ఒక బాలుడు తలుపు తోయగానే, అటువైపు కుర్చీ మీద ఉందని తెలియని పళ్లెంలోని 15 కప్పులు పగిలిపోతాయి. మరొకడు తల్లి లేని సమయం చూసి జామ్ తీసుకోబోతూ ఒక్క కప్పు పగలగొడతాడు. చిన్న వయసువారు ఎక్కువగా 15 కప్పుల బాలుడిదే పెద్ద తప్పన్నారు. కొంచెం పెద్దవారు ఉద్దేశాన్ని చూశారు. (అడిగే తీరు మార్చితే మరీ చిన్నవారు కూడా ఉద్దేశాన్ని గమనిస్తారని తరువాతి పరిశోధకులు చూపారు.) కారణంతో నిమిత్తం లేదనే మీ నియమం కప్పులను మాత్రమే లెక్కపెడుతోంది.

అరిస్టాటిల్ దీనిని ఇంకొంత లోతుగా చూశాడు. చట్టం అందరినీ ఉద్దేశించి ఒకే మాట చెప్పక తప్పదు కనుక, ఆ మాట పొసగని సందర్భాలు ఎప్పుడూ మిగులుతాయని, అటువంటప్పుడు చట్టం చేసినవాడే ఎదుట ఉంటే ఏమనేవాడో ఆలోచించి తీర్పు చెప్పాలని అతని వాదన. కాబట్టి హాజరు నియమం దేనిని కాపాడడానికి పుట్టిందో ముందు అడగండి. చేయని పనికి జీతం చెల్లించకుండా చూడడం ఒకటి; ప్రమాదం జరిగినప్పుడు లోపల ఎవరున్నారో తెలియడం మరొకటి. మొదటిదానికి ఇక్కడ కలిగిన నష్టం స్వల్పం. రెండోదానికి మాత్రం, ఉద్దేశం ఎంత మంచిదైనా, ఆ సంతకం హాని చేసినట్లే.

నిలకడ:

ఆ చివరి వాక్యాన్ని నేను ఇంకొంచెం గట్టిగా చెబుతాను. మినహాయింపులను సమర్థించేవారు తరచుగా కర్ణపర్వంలోని కౌశికుడి కథను ముందుకు తెస్తారు. సత్యవ్రతం పట్టిన ఆ తపస్వి, ప్రాణభయంతో పారిపోతున్నవారు ఏ దారిన పోయారో దొంగలకు ఉన్నది ఉన్నట్లు చెప్పి, వారి చావుకు కారణమై నరకానికి పోయాడు. కానీ అక్కడ అబద్ధానికి అవతలి వైపున మనుషుల ప్రాణాలున్నాయి. ఇక్కడ, సహోద్యోగి రాలేదని పై అధికారికి ఒక్క మాట చెప్పే దారి ఉండగానే తప్పుడు సంతకం పడింది. వేరే దారి లేకపోవడం, వేరే దారి గుర్తుకు రాకపోవడం ఒకటి కావు.

నాకున్న అసలు భయం వేరు. కారణం చెప్పుకోగల నోరు అందరికీ ఉండదు. మాటకారి అయినవాడు, విచారించేవారికి పరిచయమున్నవాడు, చూడగానే జాలి కలిగించేవాడు దయను సులభంగా పొందుతారు. ముభావంగా తల దించుకుని నిలబడేవాడికి నియమం పూర్తిగా వర్తిస్తుంది. కఠినమైన నియమం క్రూరంగానే ఉండవచ్చు, కానీ అది ముఖం చూసి మారదు. విచక్షణ పేరుతో జరిగే పక్షపాతం, చేసేవారికి కూడా పక్షపాతంగా కనబడదు.

ఒరవడి:

ఇద్దరి వాదనా తప్పు ఉందా లేదా అన్న చోటనే తిరుగుతోంది. తప్పు ఉంది, అతనే ఒప్పుకున్నాడు. తేలవలసినది దాని బరువు. బాటసారి గారూ, ఆ బరువును తగ్గించాలనుకుంటే మీరు ఏ పద్ధతిలో తగ్గిస్తారన్నది నా దృష్టిలో ముఖ్యం. 18వ శతాబ్దపు ఇంగ్లండులో ఇంట్లో జరిగిన దొంగతనం విలువ 40 షిల్లింగులకు చేరితే మరణశిక్ష పడేది. ఆ శిక్షను తప్పించడానికి జ్యూరీలు తరచుగా, సొత్తు అంతకంటే ఖరీదైనదైనా, దాని విలువ 39 షిల్లింగులని తేల్చేవి. ప్రాణాలు దక్కిన మాట నిజమే. కానీ చట్టం మాత్రం అలాగే పుస్తకంలో ఉండిపోయింది, దయ తలచని జ్యూరీ ఎదుట పడినవాడికి మరణశిక్ష తీర్పు తప్పలేదు.

మీ ముగ్గురూ జాలిపడి, సంతకం ఎవరిదో తేలలేదని రాస్తే, అతను హాజరు పట్టీలో చేసిన పనినే మీరు విచారణ పత్రంలో చేసినవారవుతారు. అలా కాక, నేరం రుజువైందని, నియమం ప్రకారం పడవలసిన శిక్ష ఇదని, ఇన్ని కారణాల వల్ల తగ్గించమని కోరుతున్నామని బాహాటంగా రాసి, తగ్గించే అధికారం ఉన్నవారికి పంపండి. కారణాలు కాగితం మీదికి వస్తే, రేపు ముభావంగా నిలబడేవాడు కూడా వాటిని చూపించి అడగగలుగుతాడు. నిలకడ గారి భయానికి అంతకంటే మెరుగైన మందు నాకు తోచడం లేదు.

బాటసారి:

అందరికీ ధన్యవాదాలు. ఒరవడి గారు చెప్పిన పద్ధతినే మిగతా ఇద్దరి ఎదుట ఉంచుతాను. శిక్షను పూర్తిగా రద్దు చేయమని కాక, హెచ్చరికతో సరిపెట్టమని అడుగుతాను. అయితే, పాత పత్రాలు తిరగేస్తుంటే ఇంకొక చిక్కు ఎదురైంది. మేము ఈ బాధ్యతలోకి రాకముందు ఇదే నేరానికి ఒకరికి పూర్తి కోత పడింది. ఆయన ఎందుకు సంతకం చేశారో ఆ పత్రాలలో ఎక్కడా లేదు, బహుశా ఎవరూ అడగలేదు. ఆయన ఇప్పటికీ ఇక్కడే పనిచేస్తున్నారు. ఇతనికి తగ్గిస్తే, ఆయనను కూడా పిలిచి కారణం అడగవలసిన బాధ్యత మా మీద ఉంటుందా? మిగతా ఇద్దరిని కలిసే లోగా దీని మీద కూడా మీ అభిప్రాయాలు తెలిస్తే మేలు.