కడుపు మంటకు సముద్రపు నాచు క్యాప్సూళ్లు: అమ్మగారికి ఇవ్వవచ్చునా?

ప్రశ్న (అరండల్‌పేట, గుంటూరు):
మా అమ్మగారికి అరవై రెండేళ్లు. చాలాకాలంగా కడుపులో మంట, పుల్లటి తేన్పులతో బాధపడుతున్నారు. ఎండోస్కోపీ చేసిన డాక్టరుగారు పుండు లేదని, జీర్ణాశయం లోపలి పొర ఎర్రబడిందని చెప్పి మందులు రాశారు. ఇప్పుడు బంధువు ఒకరు ఫ్యూకాయిడాన్ క్యాప్సూళ్ల సీసా తెచ్చారు. సముద్రపు నాచు నుంచి తీసిన ఈ పదార్థం కడుపు, పేగుల పొరను బాగుచేస్తుందని దానిమీద ఉంది. అమ్మగారు రోజూ థైరాయిడ్ మాత్ర, గుండెకు రక్తం పలచబడే మాత్ర వేసుకుంటారు. ఇవి ఇవ్వవచ్చునా?

సమాధానం 1 (మందుల షాపు ఫార్మసిస్టు, గవర్నర్‌పేట, విజయవాడ):
రక్తం పలచబడే మాత్ర వాడుతున్నారు కాబట్టి డాక్టరుగారిని అడగకుండా ఇవ్వకండి. ఫ్యూకాయిడాన్ గోధుమరంగు నాచులో ఉండే, గంధకం చేరిన పిండిపదార్థం. దానికి హెపారిన్ అనే మందు మాదిరిగా రక్తం గడ్డకట్టకుండా చేసే గుణం ఉంది. పేగు పొరకు మేలన్న మాట ఎక్కువగా ప్రయోగశాలలోని కణాల మీద, ఎలుకల మీద చూసినదే. అదే నాచు నుంచి వచ్చే ఆల్జినేట్ సంగతి వేరు, దానిని పుల్లటి తేన్పులకు డాక్టర్లు ఎప్పటినుంచో రాస్తున్నారు. సోడియం బైకార్బనేట్ కలిసిన ఆ సిరప్‌ను గాజు గ్లాసులోని వెనిగర్‌లో పోసి చూస్తే, బుడగలు పట్టిన తెల్లటి జిగురు పైకి తేలి మీగడలా నిలుస్తుంది. భోజనం తరువాత కడుపులోనూ అలాగే తేలి, ఆమ్లం గొంతువైపు ఎగదన్నకుండా అడ్డుపడుతుంది. అయితే అది పొరను మాన్పదు. బీపీ ఉంటే అందులోని సోడియం మాట కూడా అడగండి.

సమాధానం 2 (మైక్రోబయాలజీ అధ్యాపకురాలు, గుంటూరు):
నాచులోని పీచును మన జీర్ణరసాలు అరిగించలేవు, ఆ పని పెద్దపేగులోని బాక్టీరియాది. జపాన్ వారి పేగు బాక్టీరియాలో సుషీకి చుట్టే నోరి నాచును అరిగించే జన్యువులు ఉన్నాయని, అవి సముద్రపు బాక్టీరియా నుంచి వచ్చాయని 2010లో ప్రచురితమైన పరిశోధన తేల్చింది. తరతరాలుగా ఆ తిండి తిన్నవారికి దక్కేది మనకూ అంతే దక్కుతుందని అనుకోలేము. బాక్టీరియా పీచును పులియబెట్టినప్పుడు పుట్టే బ్యూటిరేట్ పెద్దపేగు పొర కణాలకు ముఖ్యమైన ఆహారం. వండి చల్లార్చిన అన్నంలో అరగకుండా మిగిలే పిండి కూడా అందుకు పనికివస్తుంది కాబట్టి, ఆ మేలుకు చద్దన్నం చాలు. ఇది పెద్దపేగు మాట, అమ్మగారి ఇబ్బంది జీర్ణాశయానిది; రెండింటినీ కలపకండి.

సమాధానం 3 (తెనాలి):
నేను కెల్ప్ నాచు పొడి రెండు నెలలు వాడాను. థైరాయిడ్ పరీక్షలో టీఎస్‌హెచ్ (థైరాయిడ్‌ను పనిచేయించే హార్మోను) బాగా పెరిగింది, మానేశాక తగ్గింది. అయోడిన్ మరీ ఎక్కువైనా థైరాయిడ్ పని దెబ్బతినవచ్చు. పెద్దవారికి రోజుకు 150 మైక్రోగ్రాముల అయోడిన్ చాలు; కొన్ని రకాల కెల్ప్ ఒక్క గ్రాములోనే దానికి ఎన్నో రెట్లు ఉంటుంది. మీ సీసా మీద అయోడిన్ ఎంతో రాశారా?

ప్రశ్న అడిగినవారు:
భూతద్దం పెట్టి చదివాను, అయోడిన్ ఊసే లేదు. సీసా మూత తీయలేదు. గురువారం డాక్టరుగారి దగ్గరకు వెళ్లేటప్పుడు మాత్రల చీటీతో పాటు దీన్నీ తీసుకువెళ్లి, ఆల్జినేట్ సిరప్ గురించి కూడా అడుగుతాను. అందరికీ కృతజ్ఞతలు.