"మౌనం అర్ధాంగీకారం" పొల్యూషన్ బోర్డుకి వర్తిస్తుందా?

అందరికీ నమస్కారం. మా మల్కాపురం వైపు మొన్న ఒక చిన్న యూనిట్ బాయిలర్ పొగ మీద మాటామాటా వచ్చింది. యూనిట్ తరఫున వచ్చినాయన "సీఎఫ్ఓకి (యూనిట్ నడపడానికి బోర్డు ఇచ్చే సమ్మతి) అప్లై చేసి నాలుగు నెలలు దాటింది, బోర్డు నుంచి ఉలుకూ పలుకూ లేదు, మౌనం అర్ధాంగీకారం కదండీ, ఇంక నడుపుకోవచ్చు" అన్నారు, చాలామంది నిజమే అని తలూపేసారు. నాకు ఆ మాట అక్కడ వాడ్డం అస్సలు నచ్చలేదు. సంస్కృతంలో "మౌనం సమ్మతి లక్షణం" అంటారు, మాట్లాడకపోతే ఒప్పేసుకున్నట్టే లెక్క. మనవాళ్ళు వాడుకలో దాన్ని సగానికి తగ్గించారు. పెళ్ళిచూపుల్లో పిల్ల తలొంచుకుంటే పెద్దలు అనే మాట ఇది, ఆ తర్వాత లోపలికెళ్ళి ఇష్టమేనా అమ్మా అని అడగనే అడుగుతారు. మరి చట్టం సంగతేంటి? తెలిసినవాళ్ళు చెప్పండి.

జవాబు: ముందు ఒక మాట, "అర్థాంగీకారం" అని ఒత్తు మార్చి టైప్ చేసేవాళ్ళు గమనించాలి, సగం అంటే అర్ధ. ఇక విషయానికొస్తే మాస్టారూ, ఆయన వాదనకి మూలం ఉంది, కాకపోతే అది నీళ్ళది. 1974 నీటి కాలుష్య చట్టం 25(7)లో బోర్డు నాలుగు నెలల్లో ఔననకా కాదనకా ఊరుకుంటే సమ్మతి ఇచ్చేసినట్టే, అదీ ఏ షరతూ లేకుండా. అంటే అక్కడ సగం కాదు, సంస్కృతం మాటే పూర్తిగా చెల్లింది. 1981 వాయు కాలుష్య చట్టం 21వ సెక్షన్ చూడండి, నాలుగు నెలల గడువు అక్కడా ఉంది, కానీ ఇచ్చినా నిరాకరించినా కారణాలు రాసి రాతపూర్వకంగా ఆర్డర్ ఇవ్వాలి. ఊరుకుంటే ఇచ్చినట్టే అన్న వాక్యం ఆ సెక్షన్‌లో లేదు. పైగా యూనిట్ కట్టడానికి తీసుకునే సమ్మతి సీఎఫ్ఈ, నడపడానికి తీసుకునేది సీఎఫ్ఓ, దేనికదే.

జవాబు: ఆ కాగితం లేకపోతే ఏం పోయిందండీ అని అడుగుతారు మా పాతపట్నంలో కూడా. షరతులు పోతాయండీ! పొగని అదుపు చేసేందుకు బోర్డు ఒప్పుకున్న రకం పరికరమే పెట్టాలి, దాన్ని ఎప్పుడూ పనిచేసేలా ఉంచాలి, అవసరమైన చోట చిమ్నీ కట్టాలి, ఇవన్నీ ఆ సమ్మతితో పాటు వచ్చే షరతులే. రాత్రి డాబా మీద ఆరేసిన తెల్లపంచె పొద్దున్న తీస్తే మడతల్లో నల్లబుగ్గి ఉంటాది, విదిలిస్తే పోదు, తడిచెయ్యి తగిలితే మరకైపోతాది. పిల్లలు పీల్చేదీ అదే కదా.

మాస్టారు: ధన్యవాదాలండీ, ఇది తెలియకే అక్కడ గట్టిగా మాట్లాడలేకపోయాం. వాయు చట్టంలోని ఆ 21వ సెక్షన్ ఇప్పుడే పూర్తిగా చదివాను, షరతులు పాటించకపోతే ఇచ్చిన సమ్మతిని కూడా గడువులోపే రద్దు చెయ్యొచ్చట, ముందు వాళ్ళ వాదన వినాలి అంతే. మీ జవాబులు మా కాలనీ గ్రూపులో పెడుతున్నాను, ఎవరికైనా అభ్యంతరం ఉంటే ఈ సాయంత్రం లోపు చెప్పండి.