చీము పట్టిన పంటికి మత్తు ఎక్కకపోవడం ప్రోటోనేషన్ వల్లేనా?

చంద్రగిరి పిల్లోడు:
మా అమ్మను తిరుపతిలో పళ్ల డాక్టర్ దగ్గరికి తీసుకుపోయినా. దవడ బాగా వాచింది. "ఇప్పుడు సూదేసినా మత్తెక్కదు, ముందు వాపు తగ్గనీ" అని మాత్రలు రాసిచ్చినారు. ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదివే నా రూమ్మేటేమో ప్రోటోనేషన్ అంటాండాడు. ప్రోటాన్ తగులుకుంటే మందు చచ్చినట్టేనా అన్నా?

యూనివర్సిటీ రోడ్డు:
దాదాపు అంతే తమ్ముడూ. అణువు ఒక ప్రోటాన్‌ను, అంటే హైడ్రోజన్ అయాన్‌ను, పట్టుకోవడమే ప్రోటోనేషన్. పంటికి మత్తు సూదిలో వేసే మందు లిగ్నోకైన్‌లో నైట్రోజన్లు రెండు. ఎమైడ్ నైట్రోజన్ తన ఒంటరి ఎలక్ట్రాన్ జంటను పక్కనున్న కార్బొనిల్‌తో పంచుకుంటుంది కాబట్టి ప్రోటాన్ జోలికి పోదు. పట్టుకునేది చివరనున్న ఎమీన్ నైట్రోజన్, పట్టుకుంటే అణువుకు ధన విద్యుదావేశం వస్తుంది. దాని పీకేఏ, అంటే సగం అణువులు ప్రోటాన్ పట్టుకుని ఉండే పీహెచ్, సుమారు 7.9. పీహెచ్ ఎంత తగ్గితే అంత ఆమ్లం, అంత ఎక్కువ మందు ప్రోటాన్ పట్టుకుంటుంది. పీహెచ్ 7.4 దగ్గర ఆవేశం లేని మందు నూటికి 24 వంతులే, నరం పొర దాటేది ముఖ్యంగా అదే. చీముతో పీహెచ్ 6.9కి దిగిందనుకో, 9 వంతులే మిగులుతాయి. ఇంక మత్తెక్కడిది?

మదనపల్లె టమోటా:
డాల్డా తయారీలో చేసేది కూడా ఇదేనా?

యూనివర్సిటీ రోడ్డు:
కాదప్పా, అది హైడ్రోజనేషన్. అక్కడ ఆవేశం మారదు. ఇక్కడ ఒకటి పెరుగుతుంది.

పలమనేరు పళ్ల డాక్టర్:
లెక్క సరే సార్, కథ సగమే చెప్పారు. సీసాలో ఉండేదే లిగ్నోకైన్ హైడ్రోక్లోరైడ్, ముందే ప్రోటాన్ తగిలించింది. లేకుంటే నీళ్లలో సరిగా కరగదు. నరంలోకి పోయాక, నొప్పి సంకేతాన్ని నడిపించే సోడియం ఛానల్‌ను లోపలి వైపు నుంచి మూసేది కూడా ఎక్కువగా ప్రోటాన్ పట్టిన రూపమే. మందు చచ్చిందని ఎలా అంటారు? ఇంకోటి. కింది దవడ వెనక, వాపుకు దూరంగా బ్లాక్, అంటే పంటికి పోయే నరం దారిలోనే మత్తు సూది, ఇస్తాం. అక్కడ పీహెచ్ మామూలే. పెదవి మొద్దుబారుతుంది, పన్ను మాత్రం డ్రిల్ తగలగానే జివ్వుమంటుంది. దానికి మీ 9 వంతులు ఏం జవాబు చెప్తాయి? వాపులో నరం ఊరికే రెచ్చిపోతుంది. వాచిన చోటే పొడిస్తే, అక్కడ ఎక్కువగా పారే రక్తం మందును లాక్కుపోతుంది.

యూనివర్సిటీ రోడ్డు:
నేను మాట్లాడింది వాచిన చోటే పొడిచే సూది గురించి మేడమ్, బ్లాక్ గురించి కాదు. పీహెచ్‌తో పనే లేకుంటే కొందరు లిగ్నోకైన్‌లో ఆమ్లాన్ని తగ్గించే సోడియం బైకార్బనేట్ ఎందుకు కలుపుతారు?

పలమనేరు పళ్ల డాక్టర్:
ముఖ్యంగా సూది మంట తగ్గడానికి. ఎడ్రినలిన్ కలిపిన మందు మరీ ఆమ్లంగా ఉంటుంది. మత్తు కాస్త తొందరగా పట్టొచ్చు కూడా, కాదనను. పీహెచ్ లెక్కే లేదని నేనెక్కడన్నాను? నేరమంతా దాని నెత్తినే వేయొద్దంటున్నా. చీము గడ్డ దగ్గర నేనైతే బైకార్బనేట్‌ను నమ్ముకోను, దూరంగా బ్లాక్ ఇచ్చి చీము తీసేస్తా.